ఎవరెస్టు బేస్ క్యాంపు నడక: నలుగురైదుగురు కలిసి వెళ్లేవాళ్లకి సమగ్ర మార్గదర్శి

నేపాల్‌లోని లుక్లాలో విమానం దిగి నడక మొదలుపెడితే మొదటి రోజు దారి పైకి పోదు, కిందికి పోతుంది. 2,860 మీటర్ల లుక్లా నుంచి 2,610 మీటర్ల ఫక్డింగ్‌కి మూడు గంటలు. "ఇంతేనా?" అనిపిస్తుంది. మా గుంపులో ఆ మాట అందరికంటే గట్టిగా అన్నవాడే ఏడో రోజు మధ్యాహ్నం లొబుచేలో బల్ల మీద కూర్చుని, ఊడిన బూటు లేసు ముడి వేసుకోలేక దాని వంకే చూస్తూ ఉండిపోయాడు. రెండు రోజులుగా తలనొప్పి ఉందట. చెబితే మా అందరి ట్రిప్పూ పాడవుతుందని చెప్పలేదు.

బూట్లు, జాకెట్లు, పర్మిట్లు, డబ్బు గురించి కింద రాశాను. అవి కాస్త అటూ ఇటూ అయినా నడక సాగిపోతుంది. ఆ తలనొప్పి దాచడం ఒక్కటే ప్రాణాల మీదికి తెచ్చేది. అందుకే ఎక్కువ దాని గురించే రాశాను.

ముందు మనుషుల్ని చూసుకోండి

నలుగురి నుంచి ఆరుగురు మంచి లెక్క. ఇద్దరే అయితే ఒకరికి బాగోలేనప్పుడు రెండోవాళ్ల ట్రెక్ కూడా అక్కడితో సరి. ఎనిమిది దాటితే ఒకే లాడ్జిలో గదులు దొరకవు. స్నేహితులే కానక్కర్లేదు. ఖాట్మండులోని థమేల్ వీధుల్లో ఏ టీ కొట్టు దగ్గర కూర్చున్నా తోడు కోసం చూసే బ్యాక్‌ప్యాకర్లు కనిపిస్తారు. అలా కలిసినవాళ్లతో వెళ్లి హాయిగా తిరిగొచ్చినవాళ్లు బోలెడుమంది.

ఎవరితో వెళ్లినా, లుక్లా విమానం ఎక్కకముందే ఒక సాయంత్రం కూర్చుని మూడు విషయాలు తేల్చుకోండి. ఒకటి, ఎవరికైనా బాగోలేకపోతే వాళ్లతో కిందికి ఎవరు దిగుతారు? జతలు ముందే వేసుకోవాలి. పైన, చలిలో, అలసటలో ఆ చర్చ పెట్టుకుంటే మొహాలు మాడిపోతాయి. రెండు, రోజూ పొద్దున, రాత్రి ప్రతి ఒక్కరూ తలనొప్పి ఉందో లేదో, రాత్రి నిద్ర పట్టిందో లేదో, తిన్నది ఇమిడిందో లేదో చెప్పి తీరాలి. అడగకుండా చెప్పాలి. మూడు, నడకలో అందరికంటే నెమ్మదైనవాళ్లదే గుంపు వేగం. నేపాలీ గైడ్ల నోట అస్తమానం వినిపించే మాట "బిస్తారై, బిస్తారై". అంటే మెల్లగా, మెల్లగా. ముందు వెళ్లి గంటసేపు ఎదురుచూసేవాడికి చలి, వెనక పడినవాడికి కంగారు. ఇద్దరికీ లాభం లేదు.

డబ్బుకి ఉమ్మడి సంచి పెట్టండి. ఒకరు ఖజానా చూడాలి, ఇంకొకరు లెక్క రాయాలి. ఇద్దరూ ఒకరే అయితే చివరి రోజున పేచీ ఖాయం.

ఎప్పుడు, ఎన్ని రోజులు

అక్టోబరు, నవంబరు నెలల్లో ఆకాశం తేటగా ఉంటుంది. దసరా, దీపావళి సెలవులు కలిసొస్తాయి కాబట్టి మనవాళ్లు ఎక్కువగా అప్పుడే బయల్దేరతారు. గదులకి గిరాకీ కూడా అప్పుడే. మార్చి నుంచి మే దాకా రెండో సీజను. కింది కొండల్లో గురాస్ పూలు ఎర్రగా పూస్తాయి, బేస్ క్యాంపులో ఎక్కేవాళ్ల పసుపు గుడారాలు కనిపిస్తాయి. గుడారాలు చూడాలంటే ఏప్రిల్, మే నెలల్లోనే వెళ్లాలి. మిగతా కాలంలో అక్కడ రాళ్లు, మంచు తప్ప ఏమీ ఉండవు. వానాకాలం వద్దు. మబ్బు పట్టి లుక్లా విమానాలు ఆగిపోతాయి.

రానూపోనూ నడక 130 కిలోమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. దూరం చూసి ఆరు రోజుల్లో అయిపోతుందనుకోకండి. లుక్లా నుంచి లుక్లాకి పన్నెండు రోజులు, ఖాట్మండుకి రెండు రోజులు, విమానం కోసం అదనంగా రెండు రోజులు. మొత్తం పదహారు. ఆఫీసులో పది రోజులే సెలవిస్తే ఈ ట్రెక్ పెట్టుకోవద్దు, ఉత్తరాఖండ్‌లో చిన్నది చూసుకోండి. ఈ దారిలో జనం జబ్బు పడేది ఎక్కువగా రోజులు మిగుల్చుకోబోయి.

ఒళ్లు సిద్ధం చేసుకోవడం

మూడు నెలల ముందు మొదలుపెట్టండి. జిమ్ కన్నా మెట్లు మేలు. తిరుపతి దగ్గర్లో ఉన్నవాళ్లకి అలిపిరి దారిలో 3,550 మెట్లున్నాయి. అంతకంటే మంచి శిక్షణ డబ్బు పెట్టినా దొరకదు. హైదరాబాదువాళ్లకి గోల్కొండ, మౌలాలి గుట్ట. విశాఖవాళ్లకి కైలాసగిరి. ఎక్కడమే కాదు, నడిచి దిగడం కూడా చేయాలి. మోకాళ్ల పని పట్టేది దిగడమే. చివరి నెలలో ఏడెనిమిది కిలోల సంచి వీపున వేసుకుని, ట్రెక్‌కి వేసుకోబోయే బూట్లతోనే ఎక్కండి. కొత్త బూట్లు లుక్లాలో తొడిగితే రెండో రోజు నామ్చే ఊరు చేరేలోపు మడమలు బొబ్బలెక్కుతాయి.

2014 మే 25న పదమూడేళ్ల వయసులో ఎవరెస్టు ఎక్కిన మన మాలావత్ పూర్ణ భువనగిరి కొండ మీదే తొలి పాఠాలు నేర్చుకుంది. అయితే ఆ అమ్మాయి ఎక్కింది టిబెట్ వైపు నుంచి. మనం వెళ్లేది నేపాల్ వైపు, అదీ శిఖరం కిందిదాకానే. తాళ్లు, ఐస్ గొడ్డళ్లు మనకి అక్కర్లేదు.

ఒక మాట గుర్తుంచుకోండి. ఒంట్లో బలం ఉన్నంత మాత్రాన, ఎత్తులో ఆక్సిజన్ చాలక వచ్చే ఎత్తు జబ్బు రాకుండా పోదు. మారథాన్ పరిగెత్తేవాళ్లకీ వస్తుంది. వాళ్లు వేగంగా ఎక్కేస్తారు కాబట్టి ప్రమాదం ఇంకాస్త ఎక్కువ.

కాగితాలు, డబ్బు, ప్రయాణం

మనకి నేపాల్ వీసా అక్కర్లేదు. విమానంలో వెళ్లాలంటే పాస్‌పోర్టు గానీ ఎన్నికల గుర్తింపు కార్డు గానీ ఉండాలి. పదిహేను నుంచి అరవై ఐదేళ్ల మధ్యవాళ్లకి ఆధార్ ఒక్కటే పనికిరాదు. ఢిల్లీ మీదుగా విమానం సులువు. తీరిక ఉన్నవాళ్లకి హైదరాబాద్ వైపు నుంచి రక్సౌల్‌కి నేరుగా రైలుంది, రోజూ ఉండదు. అక్కడ సరిహద్దు దాటితే బీర్‌గంజ్, ఆపైన జీపులో ఖాట్మండు.

ఖాట్మండు నుంచి లుక్లాకి చిన్న విమానం. రద్దీ నెలల్లో ఆ విమానాలు ఖాట్మండు నుంచి కాకుండా రామేఛాప్ జిల్లా మంథలి నుంచి లేస్తాయి. అర్ధరాత్రి దాటాక జీపెక్కి నాలుగైదు గంటలు వెళ్లాలి. టికెట్ కొనేటప్పుడు ఎక్కడి నుంచి అని అడగండి. సామాను మొత్తం పదిహేను కిలోలకి మించనివ్వరు. లుక్లా రన్‌వే 527 మీటర్లే, అదీ ఏటవాలుగా ఉంటుంది. దిగేటప్పుడు కళ్లు మూసుకునేవాళ్లు నలుగురైనా ఉంటారు.

పర్మిట్లు రెండు. స్థానిక గ్రామపాలికది లుక్లాలో కడతారు, సగర్‌మాథా జాతీయ పార్కుది మోంజోలో. పార్కు రుసుము సార్క్ దేశాలవాళ్లకి తక్కువ, కాబట్టి పాస్‌పోర్టు చేతికందేలా పెట్టుకోండి. 2023లో విదేశీ ట్రెకర్లకి గైడ్ తప్పనిసరి అని నేపాల్ ప్రకటించినా ఈ దారి ఉన్న ఖుంబూ ప్రాంతంలో దాన్ని అమలు చేయలేదు. నిబంధనలు మారుతుంటాయి, బయల్దేరేముందు కనుక్కోండి. నా మటుకు నేను తొలిసారి వెళ్లేవాళ్లకి గైడ్‌ని పెట్టుకోమనే చెబుతాను. దారి తప్పుతారని కాదు, మీ మొహం చూసి "ఈ రోజు ఇక్కడే ఆగండి" అనగలిగేది అతనే.

మన రూపాయికి 1.60 నేపాలీ రూపాయలు. ఖాట్మండులోనే మార్చుకుని నగదు తీసుకెళ్లండి. నామ్చేలో ఏటీఎంలు ఉన్నా వాటిని నమ్ముకోవద్దు. ఆ పైన అసలు లేవు. లాడ్జిలో గది అద్దె తక్కువే, కానీ భోజనం, టిఫిను అక్కడే చేయాలని షరతు. ఎత్తు పెరిగేకొద్దీ ప్రతి దాని ధరా పెరుగుతుంది. వేడినీళ్ల స్నానానికి, ఫోన్ ఛార్జింగ్‌కి, వైఫైకి విడివిడిగా కట్టాలి.

బీమా లేకుండా వెళ్లొద్దు. 6,000 మీటర్ల దాకా ట్రెకింగ్‌కి వర్తిస్తుందని, హెలికాప్టర్‌లో తరలించే ఖర్చు ఇస్తుందని పాలసీలో రాసి ఉండాలి. మామూలు ప్రయాణ బీమాలో ఇది ఉండదు. అవసరం లేకపోయినా హెలికాప్టర్ పిలిపించి బిల్లులు గుంజే మోసాలపై 2018లో నేపాల్ ప్రభుత్వమే విచారణ జరిపింది. ఎవరైనా చిన్న నలతకే "హెలికాప్టర్ పిలుద్దాం" అని తొందరపెడితే ముందు బీమా కంపెనీకి ఫోన్ చేయండి. నిజంగా ప్రాణం మీదికొస్తే మాత్రం లెక్కలు చూడొద్దు.

సంచిలో ఏముండాలి

ఒంటికి అంటుకునే ఉన్ని లోదుస్తులు రెండు జతలు, ఫ్లీస్, మందపాటి డౌన్ జాకెట్, గాలీవానా ఆపే పైజాకెట్, రెండు రకాల గ్లౌజులు, చెవులు మూసే టోపీ, మంచు వెలుగు ఆపే కళ్లద్దాలు, హెడ్‌ల్యాంపు, రెండు ట్రెకింగ్ కర్రలు. జీన్స్ వద్దు, తడిస్తే ఆరవు. డౌన్ జాకెట్, స్లీపింగ్ బ్యాగ్ థమేల్‌లో అద్దెకిస్తారు, ఒక్క ట్రెక్ కోసం కొనక్కర్లేదు.

మందుల పెట్టె, నీళ్లు శుద్ధి చేసే బిళ్లలు, సూదీదారం, బొబ్బలకి వేసే పట్టీలు గుంపుకి ఒక్కటి చాలు. పవర్ బ్యాంకు మాత్రం ఎవరిది వాళ్లకి ఉండాలి. రాత్రి ఫోను, బ్యాటరీలు స్లీపింగ్ బ్యాగులో పెట్టుకుని పడుకోండి, చలికి ఛార్జింగ్ ఊరికే దిగిపోతుంది.

ఇద్దరికి ఒక పోర్టరు చాలు. అతని వీపుకి ఇరవై కిలోలు దాటనివ్వకండి. అతనికి సరైన బూట్లు, జాకెట్ ఉన్నాయా, బీమా ఉందా అని లుక్లాలోనే చూడండి. ఎత్తు జబ్బు పోర్టర్లకీ వస్తుంది. చాలామంది పల్లపు ఊళ్ల నుంచి వచ్చినవాళ్లే. పొద్దున్నే తలనొప్పి గురించి అడిగేటప్పుడు అతన్నీ అడగండి.

రోజువారీగా దారి

మొదటి రోజు: లుక్లా నుంచి ఫక్డింగ్. దారిలో బౌద్ధ మంత్రాలు చెక్కిన మణి రాళ్లు, ప్రార్థన చక్రాలు వస్తాయి. వాటిని కుడిచేతి వైపు ఉంచుకుని, గుడిలో ప్రదక్షిణ చేసినట్టే దాటాలి.

రెండో రోజు: నామ్చే బజార్, 3,440 మీటర్లు. దూధ్‌కోసి నదిని వేలాడే వంతెనల మీద అటూ ఇటూ దాటుతూ వెళ్లి, హిల్లరీ వంతెన తర్వాత 600 మీటర్ల నిట్టనిలువు ఎక్కుడు. ఈ రోజే చాలామందికి మొదటి తలనొప్పి. వంతెన మీద జడలబర్రెలు ఎదురొస్తే ఆగి వాటిని రానివ్వండి. దారిలో అయితే ఎప్పుడూ కొండవైపు నిలబడాలి. లోయవైపు నిలబడితే వాటి వీపు మీది మూట తగిలి కిందపడతారు.

మూడో రోజు: నామ్చేలోనే రాత్రి బస. దీన్ని విశ్రాంతి రోజు అంటారు కానీ పడుకునే రోజు కాదు. 3,880 మీటర్ల ఎవరెస్ట్ వ్యూ హోటల్ దాకా ఎక్కి, వాతావరణం బాగుంటే ఎవరెస్టునీ అమా దబ్లాంనీ చూసి, మళ్లీ దిగి నామ్చేలో పడుకోవాలి. పగలు ఎత్తుకెక్కి రాత్రి పల్లంలో నిద్రపోవడం ఈ ట్రెక్ మొత్తానికి కీలకం.

నాలుగో రోజు: తెంగ్‌బోచే, 3,860. ఎక్కిన ఎత్తంతా ఫుంకీ తెంగా దగ్గర నది దాకా దిగి మళ్లీ ఎక్కాలి, మనసు చివుక్కుమంటుంది. సాయంత్రం బౌద్ధ మఠంలో ప్రార్థనకి కూర్చోండి. బూట్లు బయట విడవాలి, మందపాటి మేజోళ్లు వేసుకెళ్లండి.

ఐదో రోజు: దింగ్‌బోచే, 4,410. చెట్లు అయిపోతాయి. ఆరో రోజు అక్కడే బస. వెనక నంగ్‌కర్త్‌షాంగ్ కొండ 5,083 మీటర్లు. మొత్తం ఎక్కక్కర్లేదు, రెండు గంటలు ఎక్కి దిగినా చాలు.

ఏడో రోజు: లొబుచే, 4,940. థుక్లా తర్వాత ఎక్కుడు ముగిసేచోట ఎవరెస్టు మీద పోయినవాళ్ల స్మారకాలు రాళ్ల గుట్టలుగా ఉంటాయి. 1999లో శిఖరం మీద ఆక్సిజన్ సిలిండర్ లేకుండా 21 గంటలు గడిపిన బాబూ ఛిరీ షెర్పా స్మారకం కూడా అక్కడుంది. అతను 2001లో ఎవరెస్టు మీదే చనిపోయాడు. అక్కడ ఎవరూ పెద్దగా మాట్లాడరు.

ఎనిమిదో రోజు: గోరక్‌షెప్ 5,164. సంచులు అక్కడ పడేసి బేస్ క్యాంపు 5,364 దాకా వెళ్లి వెనక్కి. రాళ్ల గుట్టల మీద నడక, కంటికి కనిపించేదానికంటే దూరం. బేస్ క్యాంపు నుంచి ఎవరెస్టు శిఖరం కనిపించదు! ముందున్న కొండలు అడ్డం. ఇది తెలియక వెళ్లి దిగులుపడేవాళ్లున్నారు.

తొమ్మిదో రోజు: శిఖరం చూడాలంటే కాలాపత్థర్ ఎక్కాలి, 5,500 మీటర్లు దాటుతుంది. తెల్లవారకముందే హెడ్‌ల్యాంపులతో బయల్దేరతారు. ట్రెక్ మొత్తంలో అన్నిటికంటే చలి ఈ రెండు గంటలే. రాత్రి నిద్రపట్టనివాళ్లు, తిండి సయించనివాళ్లు ఇది మానేయండి. అటునుంచి అటే ఫెరిచేకి దిగడం, పదో రోజు నామ్చే, పదకొండో రోజు లుక్లా, పన్నెండో రోజు విమానం.

తలనొప్పి సంగతి

బేస్ క్యాంపు ఎత్తులో గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉన్నదానిలో సగం. ఒక్కో శ్వాసకీ అందే ఆక్సిజన్ కూడా సగమే. ఒంటికి అలవాటు పడే శక్తి ఉంది, కానీ దానికి రోజులు కావాలి. 3,000 మీటర్లు దాటాక నిద్రపోయే ఎత్తు రోజుకి 500 మీటర్లకి మించి పెంచకూడదని, మూడు నాలుగు రోజులకోసారి ఒక రోజు ఆగాలని పర్వత వైద్యుల సలహా. పైన రాసిన పట్టికలో ఒకటి రెండు రోజులు ఆ గీత దాటుతాయి. అందుకే నామ్చే, దింగ్‌బోచే ఆగుళ్లని ఎవరు చెప్పినా తీసేయొద్దు.

తలనొప్పికి తోడు వికారం, నీరసం, తల తిరగడం వీటిలో ఏదైనా ఉంటే ఎత్తు జబ్బు అనే అనుకోవాలి. "ఎండ తగిలింది", "నీళ్లు తక్కువ తాగాను" అని సర్దిచెప్పుకోవద్దు. ఆ రోజు అక్కడే ఆగాలి. మర్నాటికి తగ్గితే పైకి, తగ్గకపోతే కిందికి.

రెండు రకాలు ప్రాణాంతకం. ఊపిరితిత్తుల్లో నీరు చేరితే కదలకుండా కూర్చున్నా ఆయాసం, ఆగని దగ్గు, నీలం తిరిగిన పెదాలు. మెదడు వాచితే తూలుడు, తికమక, పొంతనలేని మాటలు. రెండోదానికి తేలికైన పరీక్ష ఉంది. ఒక పాదం మడమ ఇంకో పాదం వేళ్లకి ఆనేలా గీత మీద పది అడుగులు వేయించండి. తూలితే తెల్లారేదాకా ఆగొద్దు. రాత్రయినా సరే, తోడు ఇద్దరిని ఇచ్చి వెంటనే దించాలి. ఆక్సిజన్, మందులు దించడానికి సాయమే తప్ప దించడానికి బదులు కావు.

మా లొబుచే సంగతి అదే. గైడ్ అతన్ని గీత మీద నడిపించాడు. మూడో అడుగుకే పక్కకి ఒరిగాడు. "నేను బాగానే ఉన్నాను, మీరే కంగారు పడుతున్నారు" అని మామీద కోప్పడ్డాడు కూడా. మెదడుకి దెబ్బ తగిలితే ఆ సంగతి గ్రహించాల్సింది కూడా ఆ మెదడే కదా, అందుకే పక్కవాళ్లు కనిపెట్టాలి. ముందే వేసుకున్న జత ప్రకారం ఒకరు, గైడ్ అతనితో ఫెరిచేకి దిగారు. సీజన్లో అక్కడ హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ వైద్యశాల నడుస్తుంది. అక్కడికి దిగేసరికి మాట తేటపడింది.

డయామాక్స్ అనే అసిటజోలమైడ్ బిళ్ల ఒంటిని త్వరగా అలవాటు చేస్తుంది. ముందుజాగ్రత్తకి సాధారణంగా 125 మిల్లీగ్రాములు పూటకొకటి చొప్పున రోజుకి రెండు. వేళ్లు తిమ్మిరెక్కుతాయి, మూత్రానికి రాత్రుళ్లు లేవాల్సి వస్తుంది. సల్ఫా మందులు పడనివాళ్లు, కిడ్నీ జబ్బున్నవాళ్లు, గర్భిణులు డాక్టరుని అడగకుండా ముట్టుకోవద్దు. మిగతావాళ్లూ బయల్దేరేముందు ఒకసారి చూపించుకోండి. నిద్రమాత్రలు, మద్యం పూర్తిగా మానాలి. నామ్చేలో బార్లు ఉన్నాయి. తిరుగుదారిలో వెళ్లండి.

నిద్రలో శ్వాస ఆగి ఆగి రావడం, ఉలిక్కిపడి లేవడం పైన మామూలే. దానికొక్కదానికే భయపడక్కర్లేదు.

తిండి, నీళ్లు

దాల్‌భాత్ తినండి. మన పప్పన్నమే. అన్నం, పప్పు, కూర అడిగినకొద్దీ వడ్డిస్తారు. ఇంటి నుంచి కందిపొడి, కారప్పొడి, ప్యాకెట్లలో నెయ్యి తెచ్చుకుంటే పదో రోజున గుంపు మొత్తం మీ చుట్టూ చేరుతుంది. ఆవకాయ సీసా తేవద్దు, బరువు, పైగా విమానంలో నూనె కారుతుంది. ఆకలి చచ్చిపోయే ఎత్తులో కాస్త కారం నాలుకకి తగిలితే నాలుగు ముద్దలు ఎక్కువ దిగుతాయి, ఇది చిన్న విషయం కాదు.

నామ్చే దాటాక మాంసం వద్దు. ఖుంబూలో జంతువుల్ని కోయరు. మాంసం కింది నుంచి రోజుల తరబడి మోసుకొస్తారు. కడుపు చెడితే ఆ ఎత్తులో కోలుకోవడం కష్టం.

రోజుకి మూడు నాలుగు లీటర్లు ద్రవాలు తాగాలి. టీ, అల్లం నీళ్లు, వెల్లుల్లి సూప్ అన్నీ లెక్కే. ప్లాస్టిక్ సీసాలు కొనకుండా కుళాయి నీళ్లలో శుద్ధి బిళ్ల వేసి అరగంట ఆగి తాగండి. రాత్రి వేడినీళ్ల సీసాని మేజోడులో పెట్టి స్లీపింగ్ బ్యాగులో కాళ్ల దగ్గర ఉంచుకుంటే వెచ్చగా నిద్రపడుతుంది, పొద్దున అవే తాగొచ్చు. మరుగుదొడ్డిలో బకెట్ నీళ్లు గడ్డకట్టి ఉంటాయి, పేపర్ రోల్ దగ్గర పెట్టుకోండి. మనవాళ్లకి నచ్చదు, కానీ తప్పదు.

దిగేటప్పుడు

దిగేది మూడు రోజులే. కర్రలు కాస్త పొడవు పెంచుకోండి, మోకాళ్లకి పట్టీలుంటే కట్టుకోండి. కాళ్లు బెణికేది ఎక్కువగా ఈ మూడు రోజుల్లోనే, ధ్యాసంతా ఇంటి మీదికి పోయి.

లుక్లాలో చివరి రాత్రి గైడ్‌కి, పోర్టర్‌కి ఉమ్మడి సంచి నుంచి బక్షీసు ఇవ్వాలి. అందరూ కలిసి, కవరులో పెట్టి, చేతికివ్వండి. మిగిలిన గ్లౌజులు, మేజోళ్లు, మందులు అక్కడే ఇచ్చేయొచ్చు. పొద్దున మొదటి విమానానికే టికెట్ తీసుకోండి. మధ్యాహ్నానికి గాలి లేస్తే ఇక ఎగరవు. మాకు ఒక రోజు రద్దయింది. ఫెరిచేలో మమ్మల్ని మళ్లీ కలిసిన మా లేసు మిత్రుడు ఆ రోజంతా లాడ్జి వంటింట్లో పొయ్యి దగ్గర కూర్చుని, వచ్చిన ప్రతి కొత్త ట్రెకర్‌నీ "తల నొప్పిగా ఉందా?" అని అడుగుతూనే ఉన్నాడు.